ముందు నీళ్లు, తర్వాత చేపలు: ఒక మూడడుగుల కమ్యూనిటీ ట్యాంకు కేసు

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు. హాల్లో 36 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తున్న గాజు ట్యాంకు. రకరకాల చేపలను కలిపి పెంచే కమ్యూనిటీ ట్యాంకు. పెట్టి ఐదు నెలలైంది. మొదటి నెలలోనే వేసిన చేపలు ఇవి: నియాన్ టెట్రాలు 10, గప్పీలు 6, టైగర్ బార్బ్‌లు 5, ఏంజెల్‌లు 3, గోల్డ్‌ఫిష్‌లు 2, సిల్వర్ షార్క్‌లు 2, రెడ్ టెయిల్ షార్క్ ఒకటి, గాజుకు అంటుకుని నాచు తింటుందని ఇచ్చిన సక్కర్ ఒకటి. మొత్తం 30. నేను చూసే నాటికి మిగిలినవి 16. నియాన్‌లు ఒక్కటీ లేవు, గప్పీలు రెండే ఉన్నాయి, వాటికి తోకలు సగమే ఉన్నాయి.

ఇంటివాళ్ల ఫిర్యాదు ఒక్కటే: "వారానికి ఒకటో రెండో పోతూనే ఉన్నాయి, నీళ్లు మార్చినా ఆగట్లేదు." షాపులో ప్రతిసారీ ఏదో ఒక మందు ఇచ్చారు. నీలం మందు వేశారు, పసుపు మందు వేశారు, ఉప్పు వేశారు, పీహెచ్ తగ్గించే ద్రావణమూ వేశారు. ఏ చేప ఎందుకు చచ్చిందో విడివిడిగా చూస్తే ఇక్కడ రోగం పాత్ర చాలా తక్కువ. ఒకే నీళ్లలో బతకలేనివాటిని, ఒకదాన్నొకటి బతకనివ్వనివాటిని కలిపి పెట్టడమే అసలు కారణం.

ట్యాంకులో నిజంగా ఎన్ని లీటర్లు

కొలతల లెక్కన ఇది 159 లీటర్ల ట్యాంకు. షాపు వాళ్లు చెప్పేది ఆ అంకెనే. కానీ నీళ్లు 16 అంగుళాల వరకే నింపుతారు, అడుగున రెండంగుళాల రాళ్లుంటాయి. మిగిలే 14 అంగుళాలకు లెక్క కడితే సుమారు 125 లీటర్లు. మందు మోతాదుకైనా, చేపల సంఖ్యకైనా ఈ అంకెనే వాడాలి. 159 అనుకుని మందు వేస్తే మోతాదు పాతిక శాతం పైగా ఎక్కువ పడుతుంది.

నీళ్ల పరీక్ష

ఈ ట్యాంకులో వాడేది బోరు నీళ్లు. వంటింటి కుళాయికి మాత్రం మంజీరా నీళ్లు వస్తాయి. బోరు నీళ్ల పీహెచ్‌ను కుళాయి కింద పట్టిన వెంటనే చూస్తే 7.2 చూపించింది. అవే నీళ్లను బకెట్లో పోసి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచితే 8.0కి వచ్చింది. భూమి లోపలి నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోగానే పీహెచ్ పైకి ఎక్కుతుంది. చేప బతకాల్సింది ఆ రెండో అంకెలో. షాపులో "మీ నీళ్లు న్యూట్రల్‌గానే ఉన్నాయి, ఏదైనా వేసుకోవచ్చు" అని చెప్పింది మొదటి అంకె చూసే.

మిగతా కొలతలు: టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, 780. మొత్తం కాఠిన్యం, అంటే జీహెచ్, 22 డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే 17.9 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కాబట్టి దాదాపు 390 పీపీఎం. కార్బొనేట్ కాఠిన్యం, కేహెచ్, అంటే ఆమ్లాన్ని అడ్డుకుని పీహెచ్‌ను నిలిపేది, 14 డిగ్రీలు. ట్యాంకు నీళ్లలో మొత్తం అమోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, నైట్రైట్ 0.25, నైట్రేట్ 80 పైన. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు.

చేపలు వదిలే అమోనియాను ఫిల్టరులోని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఐదు నెలల ట్యాంకులో అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. సున్నా కాలేదంటే ఫిల్టరులో బ్యాక్టీరియా నిలబడటం లేదన్నమాట. కారణం వంటింట్లోనే దొరికింది. ప్రతి ఆదివారం స్పాంజిని తీసి మంజీరా కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండుతున్నారు. ఆ నీళ్లలోని క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మిగిలింది పిండుడులో పోతుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే, ఒక మగ్గులో, రెండుసార్లు మెత్తగా నొక్కితే చాలు. గోధుమ రంగు కొంచెం మిగలాలి.

0.5 అమోనియా చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ అమోనియా విషం పీహెచ్‌ను, వేడిని బట్టి మారుతుంది. 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమోనియాలో విషపు రూపంలో ఉండేది ఒక శాతం కూడా కాదు. పీహెచ్ 8 దగ్గర అది ఏడు శాతం దాటుతుంది. అంటే అదే 0.5 ఇక్కడ తొమ్మిది రెట్లు ప్రమాదకరం. బోరు నీళ్ల ఇళ్లలో "కొంచెం అమోనియా పర్లేదు" అనే మాట చెల్లదు.

పీహెచ్ తగ్గించే ద్రావణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కేహెచ్ 14 ఉన్న నీళ్లలో ఆమ్లం పోస్తే పీహెచ్ కాసేపు దిగుతుంది, కొన్ని గంటల్లో మళ్లీ పైకి వచ్చేస్తుంది. పీహెచ్ 8లో స్థిరంగా బతికే చేప కూడా ఇలా రోజూ పైకీ కిందికీ ఊగితే తట్టుకోదు. వీధిలో రాలిన బాదం ఆకులు ఎండబెట్టి వేయమని చాలామంది సలహా ఇస్తారు. ఆకుల వల్ల నీళ్లకు టీ రంగు వస్తుంది, కొంత మేలూ ఉంది, కానీ ఇంత కేహెచ్‌లో పీహెచ్ కదలదు.

ఎవరివల్ల ఎవరికి దెబ్బ

నియాన్‌లు అమెజాన్ ప్రాంతపు మెత్తటి (ఖనిజాలు తక్కువున్న), కాస్త చల్లటి నీళ్ల చేపలు. 21 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. వాటిని జీహెచ్ 22, 30 డిగ్రీల నీళ్లలో వేశారు. సగం వాటికవే పోయాయి. మిగతా సగం రాత్రికి రాత్రి శవం కూడా లేకుండా మాయమయ్యాయి. అది ఏంజెల్ పని. ఏంజెల్ నోరు చిన్నగా కనిపిస్తుంది గానీ, పెద్దదైన ఏంజెల్‌కు సన్నటి నియాన్ సరిపోయే ముద్ద. వెలుతురు తగ్గే వేళ, తెల్లవారుజామున వేట జరుగుతుంది. చేప మాయమైందంటే ముందు పక్కనున్న చేప నోటి సైజు చూడాలి.

టైగర్ బార్బ్‌ల సంగతి ఏంజెల్‌ల పొడవాటి పొత్తికడుపు రెక్కలు చూస్తే తెలుస్తుంది. మీసాల్లా వేలాడే ఆ రెండు తీగలు మూడంగుళాలు ఉండాల్సింది ముప్పావు అంగుళానికి వచ్చాయి. ఇది రెక్క కుళ్లు రోగమా, కొరుకుడా అన్నది టార్చి వేసి అంచు చూసి తేల్చాలి. రోగమైతే అంచు పీలికలుగా ఉంటుంది, తెల్లటి లేదా ఎర్రటి గీత ఉంటుంది, రోజురోజుకూ లోపలికి పాకుతుంది. కొరుకుడైతే అంచు శుభ్రంగా, అర్ధచంద్రాకారంలో కోసినట్టు ఉంటుంది. ఒక రోజు లేని కోత మర్నాటికి ఉంటుంది. ఇక్కడ ఉన్నవి అర్ధచంద్రాలే. దీనికి షాపులో ఇచ్చింది యాంటీబయాటిక్. అది ఫిల్టరు బ్యాక్టీరియాను ఇంకా దెబ్బతీసి ఉంటుంది.

టైగర్ బార్బ్ చెడ్డ చేప కాదు. ఎనిమిది, పది కలిసి ఉంటే వాటి తగాదాలు వాటిలోనే తిరుగుతాయి. ఐదే ఉండటం, పక్కనే నెమ్మదిగా కదిలే పొడవాటి రెక్కలు ఉండటం, ఈ రెండూ కలిస్తే కొరకడం ఖాయం. గప్పీల తోకలూ వాటికే బలయ్యాయి. గప్పీకి ఈ బోరు నీళ్లు నిజానికి బాగా నచ్చుతాయి. నీళ్లు కుదిరి, తోడు కుదరక చచ్చిన చేప అది.

గోల్డ్‌ఫిష్‌ల ఒంటి పక్కన గుండ్రంగా పొలుసు లేచి, జిగురు పోయిన మచ్చలున్నాయి. సక్కర్ చిన్నప్పుడు నాచు తింటుంది. పెరిగే కొద్దీ నాచు మీద శ్రద్ధ తగ్గి, రాత్రి నిద్రపోతున్న వెడల్పాటి చేపల ఒంటికి అంటుకుని జిగురు గీరుతుంది. పైగా ఇది అడుగు దాటి పెరిగే చేప. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్లది, తిండి ఎక్కువ, మలం ఎక్కువ. ట్రాపికల్ ట్యాంకులో దానికి చోటే లేదు. నైట్రేట్ 80 దాటడంలో ఆ రెండింటి వాటా పెద్దదే.

సిల్వర్ షార్క్ పేరుకే షార్క్, బెదురు చేప. మూడంగుళాలప్పుడు అమ్ముతారు, అడుగు వరకు పెరుగుతుంది, గుంపుగా ఈదాలి, ఆరడుగుల ట్యాంకు కావాలి. మూడడుగుల్లో అది ఉలిక్కిపడి మూతకు కొట్టుకుంటుంది. రెడ్ టెయిల్ షార్క్ తీరు వేరు. అడుగున ఒక గుహను తనదనుకుని ఆ చుట్టుపక్కలకు ఏది వచ్చినా తరుముతుంది, ముఖ్యంగా తన ఆకారంలో, తన ఎత్తులో తిరిగేవాటిని. అది ఉన్నంతకాలం అడుగున ఇంకో చేప పెట్టలేం.

ఇక ఏంజెల్‌లు. మూడింటిలో రెండు జత కట్టాయి. ఫిల్టరు గొట్టం మీద గుడ్లు పెట్టి, ట్యాంకులో సగం తమదని మూడోదాన్ని మూలకు నెట్టాయి. మూడోది నీళ్ల పైభాగంలో తలకిందులుగా వాలి, రెక్కలు ముడుచుకుని ఉంది. చాలా ఇళ్లలో ఈ చేపను జబ్బు చేపగా లెక్కేసి మందు వేస్తారు.

నీళ్లను మార్చాలా, చేపలను మార్చాలా

ఇంటివాళ్లకు నియాన్‌లు మళ్లీ కావాలి. ఆర్‌ఓ నీళ్లు కలిపితే కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది, కానీ ఖర్చు లెక్క చూడాలి. జీహెచ్ 22ను 8కి తేవాలంటే బోరు నీళ్లు 36 పాళ్లు, ఆర్‌ఓ 64 పాళ్లు కలపాలి. వారానికి 30 శాతం, అంటే 38 లీటర్లు మారిస్తే అందులో 24 లీటర్లు ఆర్‌ఓ. ఇంట్లో వాడే ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఒక వారం కరెంటు లేకపోయినా, యంత్రం చెడినా, ఊరెళ్లినా, ఎవరో అలవాటు లేనివాళ్లు నేరుగా బోరు నీళ్లు పోసినా, చేపలకు ఒక్కసారిగా కాఠిన్యం ఒకటిన్నర రెట్లు. ఇంత సన్నటి తాడు మీద ఒక హాబీ ట్యాంకును నడపడం నేను సమర్థించను. ఆ మీద వేసవి వేడి ఒకటి ఉంది, దాన్ని ఆర్‌ఓ ఏం చేయలేదు.

తీసుకున్న నిర్ణయం ఇది: బోరు నీళ్లకు సరిపడే చేపలే ఎంచుకోవాలి. అడుగు చేపల కోసం కాఠిన్యాన్ని కొద్దిగా మాత్రం తగ్గించాలి. మూడు పాళ్లు బోరు, ఒక పాలు ఆర్‌ఓ. దాంతో జీహెచ్ 16, 17 దగ్గరికి వస్తుంది. వారానికి 32 లీటర్లు మారిస్తే ఆర్‌ఓ 8 లీటర్లే. ఒక వారం తప్పినా ఏ చేపకూ ప్రాణం మీదికి రాదు.

నీళ్లు మెత్తగా ఉన్న ఊళ్లో ఇదే ఎంపిక తిరగబడుతుంది. సియాటిల్‌లో ఉన్న మనవాళ్ల కుళాయి నీళ్లు చాలా మెత్తన. అక్కడ కార్డినల్ టెట్రాలు, రమ్మీనోజ్‌లు హాయిగా ఉంటాయి, మోలీలకు మాత్రం ఖనిజాలు కలపాలి. లండన్ నీళ్లు మన బోరు నీళ్ల వైపుకు వస్తాయి. చేపల జాబితా ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు తీసుకునే ముందు వాళ్ల జీహెచ్ ఎంతో అడగాలి.

ఎంపిక ఎలా కుదిరింది

ఇంట్లో అందరికీ ఏంజెల్ అంటే ఇష్టం. జతను ఉంచితే గుడ్లు పెట్టిన ప్రతిసారీ యుద్ధమే, అందుకే జతను ఇచ్చేసి మూలకు నెట్టబడిన మూడోదాన్ని ఉంచాం. ఫారాల్లో తరాలుగా పెరిగిన ఏంజెల్ జీహెచ్ 16ను బాగానే తట్టుకుంటుంది, 24 నుంచి 30 డిగ్రీల వేడినీ తట్టుకుంటుంది. మిగతా చేపలన్నీ దీని నోటికి, దీని రెక్కలకు సరిపడాలి. ఇక్కడి నుంచి ప్రతి చేపకూ అవే ప్రశ్నలు: ఈ నీళ్లు సరిపోతాయా, ఈ ఊరి వేసవిని తట్టుకుంటుందా, పెద్దయ్యాక ఎంత పెరుగుతుంది, ఏంజెల్ మింగగలదా, ఏంజెల్‌ను కొరుకుతుందా, ట్యాంకులో ఏ ఎత్తులో తిరుగుతుంది.

గుంపు చేపగా మొదట పరిశీలనకు వచ్చింది బ్లాక్ విడో టెట్రా. గట్టి చేప, కానీ పొడవాటి రెక్కల్ని కొరికే అలవాటుంది; వద్దనుకున్నాం. సెర్పే టెట్రా ఆ విషయంలో ఇంకా మొండిది. జీబ్రా డానియో మన దేశపు చేపే, నీళ్ల విషయంలో పట్టింపు లేదు. కానీ సన్నగా ఉంటుంది, క్షణం ఆగదు, నెమ్మది చేప తిండిని లాగేస్తుంది. ఎక్స్‌రే టెట్రా దగ్గర ఎంపిక ఆగింది. దక్షిణ అమెరికా తీర ప్రాంతాల నుంచి వచ్చిన చేప, టెట్రాల్లో కాఠిన్యాన్ని ఇంతగా తట్టుకునేవి అరుదు. నాలుగున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, ఒళ్లు కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి పెద్దదాన్ని ఏంజెల్ మింగలేదు. పది తీసుకున్నాం. ఒక షరతు: ఒక్కోటీ కనీసం మూడు సెంటీమీటర్లు ఉండాలి. చిన్నవి చవక, కానీ ఏంజెల్‌కు మేత అవుతాయి.

రంగు కోసం ప్లాటీలు. గప్పీ తోక కన్నా ప్లాటీ పొట్టి రెక్కలు ఇక్కడ క్షేమం, గట్టి నీళ్లంటే వాటికి ఇష్టం. రెండు మగ, నాలుగు ఆడ. మగవి ఎక్కువైతే ఆడవాటిని రోజంతా వెంటాడి అలసటతో చంపుతాయి. ఆడ ప్లాటీ నెలకోసారి పిల్లలు పెడుతుంది, ఏంజెల్ లేని ట్యాంకులో ఆరు నెలలకు చోటు చాలదు. ఇక్కడ పిల్లల్లో చాలావరకు ఏంజెల్ తినేస్తుంది. పిల్లలన్నీ బతకాలనుకునేవాళ్లు ఈ కలయిక పెట్టకూడదు. మోలీలు అడిగారు, అవి ఇంకా పెద్దవవుతాయి, మలం ఎక్కువ, 125 లీటర్లలో ఈ గుంపుతో వద్దన్నాం.

అడుగున కోరీలు ఆరు. మామూలుగా దొరికే బ్రాంజ్ కోరీ చవకే, కానీ 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. స్టెర్బై కోరీ అంతకన్నా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువ, అయినా ఏప్రిల్, మే నెలల కోసం ఆ తేడా పెట్టుకోవాలి. కోరీలు ట్యాంకులోని చెత్త తిని బతుకుతాయన్నది అబద్ధం. వాటికి విడిగా మునిగే తిండి వేయాలి, అదీ లైటు ఆర్పాక.

నాచుకు సక్కర్ బదులు బ్రిసిల్‌నోజ్ ఒకటి. 12 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. దానికి గీరుకోవడానికి చెక్క కావాలి, వారానికి రెండుసార్లు కీరా ముక్క.

డ్వార్ఫ్ గౌరామీ మీద ఇంటి పిల్లల కన్ను పడింది. అందమైన చేపే. కానీ ఫారాల నుంచి వచ్చేవాటిలో ఇరిడోవైరస్ బెడద ఉంది, దానికి మందు లేదు. పైగా అది కూడా ఏంజెల్ తిరిగే ఎత్తులోనే తిరుగుతుంది. ఎర్ర పొట్టతో చిన్నగా ఉండి పిరాన్హా పేరుతో అమ్మేది కూడా అడిగారు. మన ఆంధ్రా చెరువుల్లో పెంచి కూర చేపగా అమ్మే రూప్‌చంద్ అదే. కిలో దాటే చేపను హాల్లో పెట్టే పనే లేదు.

పాత చేపలను పంపడం

టైగర్ బార్బ్‌లు పది ఉన్న నాలుగడుగుల ట్యాంకుకు వెళ్లాయి. గోల్డ్‌ఫిష్‌లు ఫిల్టరున్న పెద్ద టబ్బుకు. సిల్వర్ షార్క్‌లు, రెడ్ టెయిల్, సక్కర్, ఏంజెల్ జత షాపు తీసుకుని బదులు కొన్ని చేపలకు తగ్గింపు ఇచ్చింది. గప్పీలు రెండూ మొక్కలున్న చిన్న ట్యాంకులో కోలుకున్నాయి. సక్కర్‌ను చెరువులో వదిలేద్దామన్న మాట ఇంట్లో వచ్చింది. అది చేయకూడని పని. మన చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప పేరుతో వలలు చింపి, జాలర్ల పొట్ట కొడుతున్నది ఇలా ఇళ్లనుంచీ ఫారాలనుంచీ బయటికి పోయిన ఈ సక్కర్ జాతే. గట్టుల్లో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, నీళ్లు తగ్గినా చాలాసేపు బతుకుతుంది.

అడుగు, ఫిల్టరు

ట్యాంకులో ఉన్నవి తెల్లటి మార్బుల్ ముక్కలు. రెండు చుక్కల వెనిగర్ వేస్తే బుడగలొచ్చాయి, అంటే కరుగుతూ కాఠిన్యాన్ని ఇంకా పెంచుతున్నాయి. పదునైన అంచులు కోరీ మీసాలను అరగదీస్తాయి కూడా. మార్బుల్ తీసేసి, జల్లించి, నీళ్లు తేటబడేదాకా కడిగిన సన్న ఇసుక ఒకటిన్నర అంగుళం పరిచాం. వెనిగర్ పరీక్ష దానికీ చేయాలి. రాళ్లను ఒక్కరోజే మొత్తం తీసేస్తే వాటిమీదున్న బ్యాక్టీరియా పోతుంది కాబట్టి సగం ముందు, సగం పది రోజుల తర్వాత.

ఫిల్టరు మీద గంటకు 400 లీటర్లని రాసి ఉంది. స్పాంజి నిండాక అందులో సగం కూడా రాదు. గంటకు 800 లీటర్లున్న హ్యాంగ్ ఆన్ (ట్యాంకు అంచుకు తగిలించే) ఫిల్టరు ఒకటి, దానికి తోడు ఎయిర్ పంపు మీద నడిచే స్పాంజి ఫిల్టరు ఒకటి పెట్టాం. స్పాంజి ఫిల్టరుకు రెండు పనులు: కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు మీద నడుస్తుంది, క్వారంటైన్ టబ్బులోకి కావలసినప్పుడు బ్యాక్టీరియాతో సహా తీసి పెట్టుకోవచ్చు. ఏంజెల్‌కు ఉధృతమైన ప్రవాహం ఇష్టం ఉండదు, అందుకే ఫిల్టరు నీళ్లు అద్దం మీదుగా జారేలా తిప్పాం. వల్లిస్నేరియా, అనూబియాస్ మొక్కలు ఈ నీళ్లలో బాగా వస్తాయి.

చేర్చిన వరుస

ట్యాంకులో ఏంజెల్ ఒక్కటే మిగిలింది. చేపల సంఖ్య తగ్గడంతో ఫిల్టరు బ్యాక్టీరియా కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకని కొత్తవన్నీ ఒకేసారి వేస్తే మళ్లీ అమోనియా వస్తుంది. ఒక్కో జాతి 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో మూడు వారాలు క్వారంటైన్, తర్వాత ట్యాంకులోకి, మళ్లీ వారం ఆగి తర్వాతి జాతి.

మొదట ఎక్స్‌రే టెట్రాలు. షాపు నీళ్లు టీడీఎస్ 300 చుట్టూ ఉన్నాయి, ట్యాంకు 600 దగ్గర. సన్న గొట్టానికి ముడి వేసి చుక్కచుక్కగా గంటసేపు నీళ్లు కలిపాం. ఎక్కువ టీడీఎస్ నుంచి తక్కువకు వెళ్లేటప్పుడు ఇంకా నెమ్మదిగా చేయాలి, చేపకు అదే ఎక్కువ దెబ్బ. టబ్బులో నాలుగో రోజున రెండు చేపల మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు. ఇక్, అంటే తెల్ల చుక్కల పరాన్నజీవి రోగం. ఒంటి మీద ఉన్న చుక్కకు మందు తగలదు. అది రాలి, అడుగున విడిపోయి, ఈదుతూ ఇంకో చేపను వెతికే దశలోనే చస్తుంది. వేడి పెంచితే ఈ చక్రం త్వరగా తిరుగుతుంది. 29 డిగ్రీలు, లీటరుకు 2 గ్రాముల ఉప్పు, రోజూ అడుగు సైఫన్ (గొట్టంతో అడుగు చెత్త లాగేయడం). చుక్కలు పోయాక కూడా వారం రోజులు అలాగే ఉంచాలి. పోయాయని ఆపేస్తే తిరిగి వస్తుంది.

టెట్రాలను ట్యాంకులో వేసే రోజున ముందు చెక్కలు, రాళ్లు చోటు మార్చాం. ఏంజెల్ తనదనుకున్న హద్దులు చెరిగిపోతాయి, అదీ కొత్తగా వచ్చినదానిలాగే అవుతుంది. దానికి కడుపునిండా తిండి వేసి, లైటు ఆర్పి, సాయంత్రం వదిలాం.

తర్వాత కోరీలు. వలతో పట్టకూడదు; రొమ్ము రెక్కల ముల్లు దారాల్లో ఇరుక్కుని విరుగుతుంది, గ్లాసుతో ముంచాలి. ఆ తర్వాత ప్లాటీలు. వాటిలో ఒక ఆడదానికి మలద్వారం నుంచి రెండు సన్నటి ఎర్ర దారాలు వేలాడాయి. చేప కదలకుండా ఉన్నప్పుడు బయటికి వస్తాయి, కదలగానే లోపలికి పోతాయి. కమల్లానస్ పురుగు. ఫారం ప్లాటీలు, గప్పీల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఆరింటికీ కలిపి లెవామిసోల్ లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున, చీకట్లో ఒక రోజు, తర్వాత అడుగంతా సైఫన్ చేసి సగానికి పైగా నీళ్ల మార్పు, మూడు వారాలకు మళ్లీ అదే. క్వారంటైన్ లేకుండా నేరుగా వేసి ఉంటే ఇది ట్యాంకంతా పాకేది. చివరగా బ్రిసిల్‌నోజ్, అప్పటికి అద్దం మీద నాచు పట్టింది.

తర్వాతి పరిస్థితి

అన్నీ చేరిన మూడు నెలలకు అమోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 నుంచి 30 మధ్య. ఏంజెల్ తీగ రెక్కలు పెరిగాయి. ఒకటి చివర కాస్త వంకరగా వచ్చింది, అది అలాగే ఉంటుంది. టెట్రాలు మొదటి రెండు వారాలు వెనక మొక్కల్లోనే నక్కాయి, మధ్యలో ఖాళీ ఎక్కువని అర్థమై ముందు వైపు కూడా వల్లిస్నేరియా నాటాక బయటికొచ్చాయి. ఒక ప్లాటీ ప్రసవం తర్వాత పోయింది.

వేసవిలో గది 35 దాకా వెళ్తే ట్యాంకు 32 అవుతుంది. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే 32 దగ్గర 7.3 మాత్రమే, అదే సమయంలో చేపకు కావలసింది ఎక్కువ. నీళ్ల మీదుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు సీసాలు వేయొద్దు, ఒక గంటలో దిగి ఇంకో గంటలో ఎక్కుతుంది. ఫ్యాను వల్ల రోజుకు ఒకటి రెండు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు అక్కడే మిగులుతాయి. లోటును బోరు నీళ్లతో నింపుకుంటూ పోతే నెలలోపే జీహెచ్ మళ్లీ 22 దాటుతుంది. ఆవిరి లోటుకు ఆర్‌ఓ నీళ్లు మాత్రమే, వారపు మార్పుకు మూడుకు ఒకటి మిశ్రమం. ఈ రెండు బకెట్లకూ వేర్వేరు రంగు మూతలు పెట్టాం, ఎవరు పోసినా తికమక రాకుండా. డిసెంబరులో 150 వాట్ల హీటరు 25కి పెట్టి ఉంచాలి.

తిండి విషయంలో ఒక నియమం పనిచేసింది: ముందు ఏంజెల్‌కు ఒక చివర తేలే గుళికలు, అది తింటుండగా రెండో చివర టెట్రాలకు, ప్లాటీలకు చూర్ణం, రెండు నిమిషాల్లో అయిపోయేంతే. కోరీలకు రాత్రి రెండు మునిగే బిళ్లలు.

ఇంటివాళ్లు ఇంకొక ఏంజెల్ తెస్తామంటున్నారు. ఇప్పుడున్నది పెద్దది, ట్యాంకు పూర్తిగా దానిది. కొత్త చిన్న ఏంజెల్‌ను వారంలో చంపుతుంది. ఎక్స్‌రే టెట్రాలు ఎప్పుడైనా ఏడుకు తగ్గితే వాటినే తిరిగి పదికి తెచ్చుకోవాలి, క్వారంటైన్ టబ్బు దాటాకే, మూడు సెంటీమీటర్లకు తగ్గకుండా.